శ్రీకాకుళమున రాయలవారు కట్టిన కోవెల

బందరు, గుడివాడ, దివిసీమల నుండి కృష్ణాతీరమందలి శ్రీకాకుళమునకు వచ్చి ఆంధ్ర మహావిష్ణువును సేవించు భక్తులు, శ్రీకృష్ణదేవరాయలవారు ఇచట ఏమి కట్టించిరని అడుగుట కద్దు. అందుకు సమాధానము ఆ మహారాజు జీవితముననే యున్నది.

తుళువ నరసనాయకుని కుమారులైన రాయలవారు 1509లో విజయనగర సింహాసనము నధిష్ఠించిరి. మరుసటి యేడు హంపీ విరూపాక్షస్వామికి రంగమండపమును సమర్పించిరి. ఉదయగిరిని జయించి, అచటి బాలకృష్ణమూర్తిని గొనివచ్చి 1515లో హంపీ కృష్ణాలయమున ప్రతిష్ఠించిరి. 1516లో శ్రీకాళహస్తి యందు రాజగోపురము నెత్తించిరి. 1518లో తిరుమల ఆనందనిలయ విమానమునకు బంగారుపూత పూయించిరి. ఆ కాలపు గోపురములకు క్రింది భాగము రాతికట్టడము. పై యంతస్తులు ఇటుకతోను సున్నముతోను కట్టినవి. బరువు తగ్గుటచే ఎత్తు సాధ్యమైనది.

కళింగ దండయాత్రలో రాయలవారు విజయవాడ మీదుగా శ్రీకాకుళము చేరి, ఏకాదశి నాడు ఉపవసించిరి. ఆ రాత్రి నాల్గవ జామున స్వామి స్వప్నమున సాక్షాత్కరించి, గోదాదేవి కల్యాణమును తెనుగున రచించి తిరువేంకటనాథునకు అంకితము చేయుమని ఆనతిచ్చినట్లు వారే తమ కావ్యమున చెప్పుకొనిరి. అదివరకు సంస్కృతమున కృతులు రచించిన ఆ ప్రభువు స్వామియాజ్ఞను శిరసావహించిరి. అట్లు వెలసినదే ఆరాశ్వాసముల ఆముక్తమాల్యద. ద్వారము, ప్రాకారము, మండపము దాటి గర్భాలయము చేరినట్లు, ఇందు పాఠకుడు విష్ణుచిత్తుని, యామునాచార్యులను, గోదను, మాలదాసరిని దర్శించుచు తుదకు శ్రీరంగనాథుని కల్యాణవేదికను చేరును. అన్నదాతయైన విష్ణుచిత్తునికెంత చోటో, అంత్యజుడైన మాలదాసరికిని అంత చోటున్నది.

1529లో రాయలవారు పరమపదించిరి. 1565 నాటి యుద్ధానంతరము హంపీ పాడుపడి, కృష్ణాలయమున పూజలు నిలిచినవి. కాళహస్తి గోపురము 2010 మే 26వ తేదీన కూలిపోయినది. దాని స్థానమున క్రొత్త గోపురము నిర్మించి 2017లో కుంభాభిషేకము గావించిరి. శ్రీకాకుళస్వామి యానతిచ్చిన కావ్యము మాత్రము చెక్కుచెదరలేదు.

అయినను దానికిని జీర్ణావస్థ గలదు. చదువువారు లేనినాడు గ్రంథము మూతపడిన గుడియే. కూలిన గోపురమును స్థపతులు మరల నిలుపుదురు. కావ్యమునకు జీర్ణోద్ధరణము మన యిండ్లలోనే జరుగవలెను. ధనుర్మాసమున తిరుప్పావై సేవించు ప్రతి గృహమందును ఆ గోదాదేవి కథనే చెప్పిన ఈ తెలుగు కావ్యము నుండి దినమున కొక్క పద్యమైన పిల్లలచే చదివించుదము. రాయలవారు ఇచట కట్టిన కోవెలలో అదియే నిత్యదీపము.