సర్ శాండ్‌ఫర్డ్ ఫ్లెమింగ్

1876వ సంవత్సరమున ఐర్లండులోని ఒక చిన్న రైలుస్టేషనులో నలువది తొమ్మిదేండ్ల ఇంజనీరొకాయన రాత్రియంతయు బండికై కాచుకొనవలసి వచ్చెను. కాలపట్టికలో 5 గంటల 35 నిమిషములకు ఎదుట ఏ.ఎం. అని యుండవలసినచోట పి.ఎం. అని అచ్చుపడినది. ఆయన సాయంకాలము రాగా, బండి ఉదయముననే వెళ్లిపోయినది! గంటలను ఒకటినుండి ఇరువదినాలుగువరకు లెక్కింపరాదా యను ఆలోచన ఆయనకు ఆ రాత్రి బలపడినదని చెప్పుదురు.

ఆయనయే సర్ శాండ్‌ఫర్డ్ ఫ్లెమింగ్. 1827 జనవరి 7వ తేదీన స్కాట్లండులోని కర్కాల్డీలో జన్మించెను. బాల్యముననే సర్వే పని నేర్చి, పదునెనిమిదవ యేట సోదరునితో కెనడాకు వలసపోయెను. 1851లో వెలువడిన కెనడా తొలి తపాలాబిళ్ల ఆయన చిత్రించినదే. పిమ్మట పెద్ద రైలుమార్గములకు ప్రధాన ఇంజనీరయ్యెను.

ఆ కాలమున ప్రతి ఊరికిని సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడే పండ్రెండు గంటలు. తూర్పు పడమరలుగా ఒక డిగ్రీ జరిగినచో నాలుగు నిమిషముల భేదము. కాలినడకన పోవువానికి ఇది తెలియదు. రైలునకు మాత్రము పెద్ద చిక్కు. మన దేశమునను కలకత్తా, బొంబాయి, మద్రాసులకు వేర్వేరు కాలములుండగా, రైళ్లు మద్రాసు కాలముననుసరించి నడచెడివి.

భూగోళమును పదునైదేసి డిగ్రీల చొప్పున ఇరువదినాలుగు భాగములుగా విభజించి, ఒక్కొక్క భాగమున కొక్కొక్క గంట భేదముంచవలెనని 1879లో ఫ్లెమింగ్ ప్రతిపాదించెను. ఈ కీర్తి ఆయన యొక్కనిదే యనుట సరికాదు. అమెరికాలో డౌడ్ అను ఉపాధ్యాయుడు అంతకుముందే యిట్టి పద్ధతిని సూచించియుండెను. 1883 నవంబరు 18న అమెరికా, కెనడా రైల్వేలు ప్రామాణిక కాలమును చేపట్టెను. మరుసటి యేట వాషింగ్టనులో ఇరువదియైదు దేశముల ప్రతినిధులు కూడి, గ్రీనిచ్ రేఖనే సున్న డిగ్రీగా నిర్ణయించిరి. ఫ్రాన్సు, బ్రెజిలు ఓటు వేయలేదు. ఫ్లెమింగ్ కోరిన విభాగములు అచ్చట అంగీకరింపబడలేదు. దేశములే తరువాత ఒక్కొక్కటిగా చేపట్టెను.

1906 జనవరి 1న మన దేశమునకును ప్రామాణిక కాలమేర్పడెను. ఎనుబదిరెండున్నర డిగ్రీల రేఖ దానికి ఆధారము. అది కాకినాడ సమీపముననే పోవును. గ్రీనిచ్‌కంటె మనము ఐదున్నర గంటలు ముందున్నాము. ఆ అరగంట ఫ్లెమింగ్ లెక్కకు లొంగదు! 1915 జూలై 22న ఆయన హాలిఫాక్సులో పరమపదించెను.

నేడు వెబ్ ప్రోగ్రాములు వ్రాయువారు ఆ గ్రీనిచ్ లెక్కనే నమ్ముకొనియున్నారు. 1970 జనవరి 1 అర్ధరాత్రినుండి గడచిన సెకండ్లను కంప్యూటరు భద్రపరచును. చూచువారి ప్రదేశమునుబట్టి గడియారపు వేళగా మార్చి చూపును. నిండు గంటలు మాత్రమే కలుపునట్లు వ్రాసిన ప్రోగ్రాములో మన పిల్లల దరఖాస్తు గడువు అరగంట తప్పును. 3-4 అని తేదీ వేసినచో మనకది ఏప్రిలు 3. అమెరికావారికి మార్చి 4.

మన రైలు టిక్కెట్టుపై మాత్రము సాయంకాలపు 5 గంటల 35 నిమిషములు 17:35 అని అచ్చగును.