సుబ్రతో ముఖర్జీ: ఆకాశానికి ఒక సొంత దళం

మీ పిల్లలు స్కూల్ ఫుట్‌బాల్ జట్టులో ఆడుతుంటే సుబ్రతో కప్ పేరు మీ ఇంట్లో వినిపించే ఉంటుంది. దేశంలోని పాఠశాలలన్నీ ఆశపడే ఈ టోర్నమెంటును నడిపేది భారత వాయుసేన. స్కూల్ పిల్లల ఫుట్‌బాల్‌తో వాయుసేనకు పనేమిటని మీకు ఎప్పుడైనా అనిపించిందా? ఆ కప్పుకు పేరిచ్చిన సుబ్రతో ముఖర్జీ మన వాయుసేనకు తొలి భారతీయ అధిపతి. ఆటంటే ఆయనకు ప్రాణం. 1960లో ఈ పోటీ మొదలైంది ఆయన ఆలోచనతోనే.

ఆయన 1911 మార్చి 5న కలకత్తాలో పుట్టారు. తండ్రి ఐసీఎస్ అధికారి. తల్లివైపు తాతగారు పి.కె. రాయ్ ప్రెసిడెన్సీ కళాశాలకు తొలి భారతీయ ప్రిన్సిపాల్. అలాంటి ఇంట్లో కొడుకు ఏమవ్వాలో చుట్టాలందరికీ ముందే తెలుసు. ఐసీఎస్, అది కాకపోతే బారిస్టరు. ఈ రోజు మన ఇళ్ళలో ఐఐటీ, మెడిసిన్ అన్నట్టే. సుబ్రతో మాత్రం 1930లో, 19 ఏళ్ళ వయసులో, ఇంగ్లాండులోని క్రాన్‌వెల్‌కు పైలట్ శిక్షణకు వెళ్ళారు. అప్పటికి మన దేశానికి వాయుసేనే లేదని గుర్తుంచుకోండి. అది ఏర్పడింది 1932 అక్టోబర్ 8న. అంటే ఇంకా పుట్టని ఉద్యోగానికి ఆయన చదివారన్న మాట. అలా వెళ్ళిన మొదటి జట్టులో ఉన్నది ఆరుగురే. వాళ్ళలో ఇద్దరు ఆ తర్వాత విమాన ప్రమాదంలో చనిపోయారు. ఆ వార్త విన్నాక మిగిలిన వాళ్ళ తల్లిదండ్రులకు ఎన్ని రాత్రులు నిద్ర పట్టి ఉండదో మీరే ఊహించుకోండి.

1933 ఏప్రిల్ 1న కరాచీ దగ్గర డ్రిగ్ రోడ్‌లో మొదటి స్క్వాడ్రన్ మొదలైంది. ఉన్నవి నాలుగు వాపిటి విమానాలు. వాటికి అప్పగించిన పని సైన్యానికి సాయం చేయడం. వాయవ్య సరిహద్దు కొండల్లో పైనుంచి చూసి ఎవరెక్కడ ఉన్నారో చెప్పాలి, ఫొటోలు తీయాలి, కబుర్లు చేరవేయాలి. మొదట్లో మన వాయుసేన సైన్యానికి పైనున్న కన్ను, అంతే.

1940 ఆగస్టులో మీరాన్‌షా ప్రాంతంలోని దౌర్ లోయలో జరిగిన సంగతి వినండి. ఒక చిన్న సైనిక బృందాన్ని శత్రువులు చుట్టుముట్టారు. వాళ్ళ దగ్గర రేడియో లేదు. నేల మీద పలకలతో సైగ చేసి, తూటాలు అయిపోతున్నాయని పైకి తెలియజేశారు. ఆ సైగ చూసింది ముఖర్జీ. విమానంలో సరుకేమీ లేదు, ఉన్నది తన మెషిన్‌గన్ తూటాలే. తన గన్నర్ సాయంతో వాటినే ఊడదీసి, మేజోళ్ళలో నింపి, కిందనున్న జవాన్ల దగ్గర పడేశారు. తన తుపాకీ ఖాళీ అయినా సరే, కిందివాళ్ళ తుపాకులు ఖాళీ కాకూడదనుకున్నారు.

సాయం చేయడం వేరు, కింద పనిచేయడం వేరు. అప్పట్లో దేశంలోని మూడు దళాలకూ ఒకే కమాండర్ ఇన్ చీఫ్ ఉండేవారు. ఆయన సైన్యానికి చెందిన జనరల్. నౌకాదళమైనా వాయుసేనైనా ఆయన మాటకు లోబడాల్సిందే. 1947 ఆగస్టు 15న ఈ పద్ధతి మారి, మూడు దళాలకూ వేర్వేరు అధిపతులు వచ్చారు. వాయుసేన మొదటి అధిపతి, బ్రిటిష్ అధికారి ఎల్మ్‌హర్స్ట్, తన దళం సైన్యం కింద ఉండకూడదని పట్టుబట్టారు. ఆయనకు కుడిభుజంగా నిలిచింది ముఖర్జీ.

రెండు నెలలకే పరీక్ష వచ్చింది. కశ్మీర్‌లోకి దాడిదారులు చొరబడి శ్రీనగర్ వైపు వస్తున్నారు. రోడ్డున వెళితే సైన్యం సమయానికి చేరదు. అక్టోబర్ 27 తెల్లవారుజామున ఢిల్లీ నుంచి డకోటా విమానాలు సిక్కు రెజిమెంటు జవాన్లను ఎక్కించుకుని శ్రీనగర్‌లో దించాయి. విమానాలు లేకపోతే శ్రీనగర్ దక్కేది కాదు. దిగిన జవాన్లు నేల మీద నిలబడి పోరాడకపోతే విమానాలు వెళ్ళీ లాభం లేదు. విమానం ఊరిని కాపలా కాయలేదు, కాలినడకన సైన్యం కొండలను గంటల్లో దాటలేదు. ఎవరి పని వాళ్ళదే అయినా ఒకరు లేనిదే ఇంకొకరికి గడవదు.

మన పిల్లలకు ఈ తేడాలు సరిగ్గా చెబుతున్నామా అని నాకు అనుమానం. యూనిఫాం కనిపిస్తే చాలు, అందరినీ ఆర్మీ అనేస్తాం. భూసరిహద్దులు సైన్యానివి. తీరం, ఓడల దారులు, సముద్రం మీది వ్యాపార రక్షణ నౌకాదళానివి. దాని తూర్పు కమాండ్ మన విశాఖలోనే ఉంది. గగనతలం కాపలా, దూరంగా దాడి, మంచుకొండల మీది పోస్టులకు తిండీ మందులూ చేర్చడం వాయుసేన పని. ఇక సరిహద్దులో మీరు టీవీలో చూసే బీఎస్‌ఎఫ్ ఈ మూడింటిలో ఏదీ కాదు, అది హోంశాఖ కింద ఉంటుంది.

సైన్యానికి 1949లోనే కరియప్ప రూపంలో భారతీయ అధిపతి వచ్చారు. వాయుసేన మరో అయిదేళ్ళు ఆగింది. ముగ్గురు బ్రిటిష్ అధిపతుల దగ్గర పనిచేశాక, 1954 ఏప్రిల్ 1న, మొదటి స్క్వాడ్రన్ పుట్టిన 21 ఏళ్ళకు సరిగ్గా అదే తేదీన, ముఖర్జీ బాధ్యతలు తీసుకున్నారు. అప్పటికి ఆయనకు 43 ఏళ్ళు. మరుసటి ఏడాది కమాండర్ ఇన్ చీఫ్ అనే హోదానే చట్టంతో తీసేశారు. ముగ్గురూ తమ తమ దళాలకు చీఫ్ ఆఫ్ స్టాఫ్‌లయ్యారు, అందరి పైనా సర్వసైన్యాధ్యక్షుడిగా రాష్ట్రపతి. నౌకాదళానికి 1958లో కటారి తొలి భారతీయ అధిపతి అయ్యారు. ముఖర్జీ కాలంలోనే మిస్టేర్, హంటర్, కాన్‌బెరా జెట్‌లు మన వాయుసేనలో చేరాయి. వాపిటితో మొదలైన మనిషి తన దళాన్ని జెట్ల దాకా తెచ్చారు.

1960 నవంబర్ 8న టోక్యోలో, ఒక రెస్టారెంటులో భోజనం చేస్తుండగా గొంతులో ఆహారం ఇరుక్కుని ఆయన చనిపోయారు. సరిహద్దు కొండల మీద ఎగిరినప్పుడు తప్పిన చావు అన్నం దగ్గర వచ్చింది. 50 ఏళ్ళు కూడా నిండలేదు.

ఆయన భార్య శారదా ముఖర్జీ ఆ తర్వాత రాజకీయాల్లోకి వచ్చి, మహారాష్ట్రలోని రత్నగిరి నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1977 మేలో హైదరాబాద్ రాజ్‌భవన్‌కు వచ్చారు, ఆంధ్రప్రదేశ్‌కు తొలి మహిళా గవర్నరుగా. ఆ నవంబర్‌లోనే దివిసీమ ఉప్పెన వచ్చింది. అప్పటి రోజులు మీ ఇంట్లో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటాయి, అడిగి చూడండి.