గుంటూరు డాక్టరమ్మ అన్నా కుగ్లర్

మానవసేవే మాధవసేవ అన్నారు పెద్దలు. ఈ మాట మన హాస్టలు గోడ మీద చదువుకుంటూ పెరిగినవాళ్లం మేము. అయితే సేవ చేసే మనిషిలో ఆ ఉత్సాహం దేనివల్ల నిలుస్తుంది? మనతో చదువుకున్న అక్కచెల్లెళ్లు కొందరు నర్సింగు పూర్తిచేసి ఎంతో ఆశతో ఉద్యోగాల్లో చేరారు. ఏడాది తిరక్కుండానే మానేస్తామంటున్నవారూ వారిలో ఉన్నారు. వారి బాధ విన్నాకే డాక్టర్ అన్నా సారా కుగ్లర్ జీవితం మాకు బాగా అర్థమైంది.

కుగ్లర్ 1856 ఏప్రిల్ 19న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో జన్మించారు. ఆడవాళ్లు డాక్టరు చదవడం అరుదైన ఆ రోజుల్లోనే, 1879లో వైద్య పట్టా పుచ్చుకున్నారు. 1883లో, 27 ఏళ్ల వయసులో లూథరన్ మిషన్ తరఫున గుంటూరు వచ్చారు. కానీ మిషన్ వారు ఆమెను పంపింది వైద్యానికి కాదు, ఆడవాళ్లకు చదువు చెప్పడానికి. చేతిలో విద్య ఉండి, కళ్లెదుట రోగులుండి, ఆ పని తనది కాదంటే ఎవరికైనా మనసు విరిగిపోతుంది. ఆమె మాత్రం చదువు చెబుతూనే వైద్యమూ చేశారు. మగ డాక్టరు ముందుకు రాలేని ఘోషా స్త్రీలకు ఆమే దిక్కయ్యారు. చివరకు 1885లో మిషన్ ఆమెను వైద్యురాలిగా గుర్తించింది.

అక్కడితో ఆమె తృప్తిపడలేదు. ఏళ్ల తరబడి విరాళాలు కూడగట్టగా 1898లో గుంటూరులో స్త్రీలకు, పిల్లలకు 50 పడకల ఆసుపత్రి వెలిసింది. స్థానిక స్త్రీలకు అక్కడ నర్సింగు శిక్షణ ఇచ్చారు. రోగుల బంధువులు దిగడానికి ఏలూరు రాజా భుజంగరావు గారు సత్రం కట్టించారు. కైజర్-ఇ-హింద్ పతకం కూడా ఆమెను వరించింది.

మేము ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఆమెలో సేవాభావం మొదటి రోజు నుంచీ ఉంది. అయినా పని పెరిగింది గుర్తింపు, వసతి, శిక్షణ పొందిన తోటివారు దొరికిన తర్వాతే. ఒక్క మంచి మనసుతోనే అంతా జరగలేదు.

మన చీమకుర్తి గ్రానైటు క్వారీలో ఎవరికైనా దెబ్బ తగిలి ఒంగోలు తీసుకుపోతే, రాత్రంతా కనిపెట్టుకుని ఉండేది నర్సమ్మే. మా స్నేహితురాలు ఒకామె ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలో వార్డంతా ఒక్కతే చూసుకునేది. చిన్న పొరపాటుకు రోగుల ముందే తిట్లు తినేది. జీతం మాత్రం నెలనెలా ఆలస్యమే. ఆమెకు ఓపిక లేదనడం అన్యాయం. పనికి తగ్గ మనుషులు, పైవారి మర్యాద, నేర్చుకునే అవకాశం, వేళకు జీతం ఉంటే ఆమె నవ్వుతూ పనిచేసేది. సేవ పేరు చెప్పి ఇవన్నీ అడగవద్దనడం సేవను అవమానించడమే.

కుగ్లర్ 47 ఏళ్లు ఈ దేశాన్ని సేవించి 1930 జూలై 26న గుంటూరులోనే కన్నుమూశారు. ఆమె స్థాపించిన ఆసుపత్రికి తర్వాత ఆమె పేరే పెట్టారు.

మా ఇళ్లలో పట్టా పుచ్చుకున్న మొదటివాళ్లం మేము. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! రేపు మీలో కొందరు నర్సులవుతారు, కొందరు నర్సులపై అధికారులవుతారు. నర్సులైనవారు కుగ్లర్ లాగా పనిని విడవకండి, కావలసినవి అడగడమూ మానకండి. అధికారులైనవారు వారిని పేరు పెట్టి, గౌరవంగా పిలవండి. ఆ మహాతల్లికి మనమిచ్చే నిజమైన నివాళి అదే.