బీథోవెను పియానో – దాని జాడ

మన రాచర్ల, గిద్దలూరు, కంభము ప్రాంతములలో పాత వస్తువున్న ప్రతి యింటను దానికొక కథ యుండును. ఈ కత్తి కృష్ణరాయల కాలము నాటిదనియు, ఆ గంగాళము పాలెగాని యింటి దనియు పెద్దలు చెప్పుదురు. ఋజువేమని యడిగినచో, మా తాత చెప్పెనని ప్రత్యుత్తరము. తాతగారి మాట అబద్ధమని మేమనము. అదియొకటియే చాలదని మాత్రము చెప్పక తప్పదు. పియానోల సంగతియు నిట్టిదే. ఫలానా విద్వాంసుడు వాయించినదని చెప్పుకొనబడు పియానోలు ఐరోపాఖండమున పెక్కు గలవు. వానిలో ఋజువుల గొలుసు తెగక నిలిచినది బీథోవెనుని పియానో. దాని జాడ వెంబడి ఆ మహనీయుని చరిత్రమును మన విద్యార్థులకు కొంత తెలుపగోరుచున్నాము.

లుడ్విగ్ వాన్ బీథోవెను 1770 డిసెంబరులో రైను నదీతీరమందలి బాన్ పట్టణమున జన్మించెను. తండ్రి ప్రభువు కొలువున గాయకుడు, త్రాగుడునకు లోబడినవాడు. 1787లో తల్లి మరణింపగా, ఇద్దరు తమ్ముల భారము పదునాఱేండ్ల బాలునిపై బడెను. 1792లో వియన్నా నగరము చేరి, హైడన్ అను విద్వాంసునికి శిష్యుడై, కొలది యేండ్లలోనే పియానో వాద్యమున సాటిలేని వాడనిపించుకొనెను. ముప్పదేండ్లు నిండక మునుపే చెవుడు ప్రారంభమయ్యెను. సంగీతవేత్తకు ఇంతకన్న నేమి కష్టము కలదు? 1802లో హైలిగెన్‌స్టాట్ అను గ్రామమున నుండి తమ్ములకొక జాబు వ్రాసి, ప్రాణము తీసికొన దలచితిననియు, తనలోని సంగీతము ఇంకను వెలువడనందున ఆగితిననియు తెలిపెను. ఆ జాబు పంపనే లేదు. ఆయన చనిపోయిన పిదప కాగితములలో దొరకెను.

1817లో లండనులోని పియానో కర్మాగారపు యజమానులలో నొకడగు తామస్ బ్రాడ్‌వుడ్ వియన్నాకు వచ్చి ఆయనను దర్శించెను. మరలిపోయి, ఒక పియానోను కానుకగా పంపెను. కర్మాగారమున సరకు మోయువారి పద్దుపుస్తకమున 1817 డిసెంబరు 27వ తేదీ క్రింద ఆఱు స్థాయిల పియానో, సంఖ్య 7362, తగరపు రేకు వేసిన పెట్టెలో, బీథోవెనునకు కానుక యని వ్రాయబడి యున్నది. ఏ పండితుడు వ్రాసిన గ్రంథముకన్నను, కూలి లెక్కకై వ్రాసిన యీ పద్దే మాకు బలమైన సాక్ష్యముగ దోచుచున్నది. పియానో ముందుపలకపై దాత పేరును గ్రహీత పేరును లాటిను భాషలో కలవు. ప్రక్కన క్రామర్, రీస్, కాల్క్‌బ్రెన్నర్, ఫెర్రారి, నివెట్ అను అయిదుగురు సంగీతజ్ఞుల సంతకములున్నవి. పియానో ఓడలో ట్రియెస్టు రేవునకు, అచటినుండి కొండదారులలో బండ్లపై వియన్నాకు చేరెను. ఆస్ట్రియా ప్రభుత్వము సుంకమును మన్నించెను.

అది చేరిన 1818వ సంవత్సరముననే ఆయన యింట సంభాషణ పుస్తకములు మొదలైనవి. వచ్చినవారు అడుగదలచినది కాగితముపై వ్రాయవలెను, చెవికి వినబడదు. వినవలెనను ఆరాటమున ఆయన మీటలను బలముగా మోదుచుండెను. 1824లో ఆయనను చూడవచ్చిన లండను వాద్యనిర్మాత యొకడు, తీగెలు తెగి చిక్కుపడి యుండుట కనుగొనెను. తొమ్మిదవ సింఫొనీ తొలిసారి వినిపింపబడినది ఆ సంవత్సరముననే.

హామర్‌క్లావియర్ అను గొప్ప సొనాటాను బీథోవెను ఈ పియానోపైననే కల్పించెనని కొందరందురు. మేము దీనిని పూర్తిగా నమ్మజాలము. ఆ రచన 1817లోనే ఆరంభమైనది. అంతేకాక, ఈ పియానోకు లేని పై స్వరములు దాని మొదటి భాగమున కలవు. మీటలే చెప్పుచున్న సాక్ష్యమును కాదనుట యెట్లు?

1827 మార్చి 26వ తేదీన బీథోవెను మరణించెను. ఆ సంవత్సరము నవంబరులో ఆయన సామగ్రి వేలమువేయబడగా, పియానోను స్పీనా అను సంగీత ప్రచురణకర్త కొనెను. అతడు దానిని లిస్టు అను ప్రసిద్ధ వాద్యకారునకు కానుకగా నొసగెను. లిస్టు దానిని వైమరు పట్టణమున నుంచుకొనెను. అటుపిమ్మట అది బుడాపెస్టు నగరమందలి హంగేరీ జాతీయ మ్యూజియమునకు చేరెను. చేతులు మారిన ప్రతిపర్యాయమును ఇచ్చినవారెవరో, పుచ్చుకొన్నవారెవరో తెలియుచునే యున్నది. 1991లో దానిని ఇంగ్లండున బాగుచేయించిరి. అయిదుగురి సంతకములును ముందుపలకపై నేటికిని నిలిచియున్నవి.