కాథలీన్ డ్రూ బేకరు విదుషీమణి చరిత్రము

సభాసంచికలయందు మహనీయుల చరిత్రములను స్మరించుట మన యాచారము. ఈ మాఱు దూరదేశపు విదుషీమణి నొకతెను మీకు పరిచయము చేయ సాహసించుచున్నాను.

ఇంగ్లండునందలి లాంకషైరు మండలములో లీ యను పట్టణమున 1901వ సంవత్సరమున కాథలీన్ డ్రూ జన్మించెను. మాంచెస్టరు విశ్వవిద్యాలయమున వృక్షశాస్త్రము నభ్యసించి, 1922లో ప్రథమశ్రేణి పట్టము నొంది, యచ్చటనే యుపన్యాసకురాలయ్యెను. 1928లో హెన్రీ రైట్ బేకరును వివాహమాడెను. వివాహితలకు కొలువీయరాదను నియమ మానాడచ్చట నుండుటచే నామె యుద్యోగము పోయెను. కొలువు పోయినను విద్య పోలేదు. వేతనము లేని పరిశోధకురాలై కృషి సాగించెను.

సముద్రతీరపు రాళ్ల నంటుకొని పెరుగు పోర్ఫైరా యను పాచిమొక్క యామెకు లక్ష్యము. పోటువేళ నది నీట నోలలాడును; పాటువేళ కాగితమువలె నెండి రాతి నంటుకొనును; మరల నీరు తగిలినంతనే సజీవమగును. వేల్సు ప్రజలు దీని నుడికించి తిందురు. జపానువారు తినెడి నోరియు నీ వర్గములోనిదే. వేసవిలో నీ మొక్క యెచ్చట దాగునో, దాని విత్తన మెచ్చటనుండి వచ్చునో జపాను జాలరులకు తెలియదు. ఒకయేడు పండును, ఒకయేడు పోవును. ద్వితీయ ప్రపంచయుద్ధానంతరము పంట మిక్కిలి క్షీణింపగా వారి కుటుంబములు జీవనమునకై కలవరపడెను.

ఇచ్చట కాథలీను పోర్ఫైరా బీజములను ఆల్చిప్పలతోగూడ నీటియందుంచి పరిశీలించెను. అవి చిప్పను తొలిచి, లోపల గులాబివన్నె దారములై పెరిగెను. ఆ దారములను శాస్త్రజ్ఞులు 1892 మొదలుగా కాంకోసెలిస్ అను వేఱు జాతిగా నెంచుచుండిరి. రెండును ఒకే మొక్కయొక్క రెండవస్థలని యామె గ్రహించి, 1949లో నేచర్ పత్రికయందు ప్రకటించెను. జపానునందు సెగావా సోకిచి పండితుడు దాని నాధారముగా గైకొని, స్వదేశపు నోరియు నిట్లే పెరుగునని కనుగొనెను. అటుపిమ్మట చిప్పలలో విత్తనము పెంచి, వలలకు పట్టించి, సముద్రమున నాటు సేద్య మేర్పడెను.

1952లో బ్రిటిషు శైవాలశాస్త్ర సంఘమునకు ప్రథమాధ్యక్షురాలైన యీమె 1957లో పరలోకగతురాలయ్యెను. జపానును ఆమె యెన్నడును చూడలేదు. అయినను 1963లో నచ్చటివారు ఉటో పట్టణమున నామెకు స్మారకశిల నెత్తి, యేటేట ఏప్రిల్ 14వ తేదీని సముద్రమాతయని పూజించుచున్నారు.

ముప్పదియైదేండ్లు బడిపంతులుగా నుండి, పెండ్లియైనదని పుస్తకము మూసిన బాలికల నెందఱనో చూచితిని. వారిలో నెవ్వతె యే చిప్పలోని రహస్యమును కనుగొనియుండెడిదో! సంఘపోషకులారా, మన విద్యార్థివేతనములు వివాహితలకును అందునట్లు చేయుడని నా విన్నపము.