మూడు విప్లవాలు చూసిన బ్లాంకీ

ఫ్రాన్సు విప్లవం అనగానే మనం 1789 దగ్గరే ఆగిపోతాం. ఆ తర్వాత కూడా అక్కడి జనం మూడుసార్లు గద్దెలు కూల్చారు. ఆ మూడు కాలాలూ చూసినవాడు ఒగుస్త్ బ్లాంకీ. 1805లో పుట్టాడు.

ఆయన తండ్రి మొదటి విప్లవ కాలంలో కన్వెన్షన్ సభ్యుడు. ఆ కన్వెన్షనే 1793 జులైలో దొరలకు రైతులు కట్టే మామూళ్లన్నీ పైసా పరిహారం లేకుండా రద్దు చేసింది. విప్లవం రైతు గడప తొక్కింది.

1830లో విద్యార్థి బ్లాంకీ పారిస్ వీధుల్లో పోరాడాడు. ఒక రాజు పోయి మరో రాజొచ్చాడు. పెత్తనం బ్యాంకుల షావుకార్లకు దక్కింది. 1839లో కొద్ది వందల మందితో తిరగబడ్డాడు. జనం కదల్లేదు, జైలే మిగిలింది.

1848 విప్లవం ఆయన్ని విడిపించింది. మగవాళ్లందరికీ ఓటొచ్చింది. పల్లెల్లో ఇంకా దొర మాటే, చర్చి ఫాదరీ మాటే చెల్లుతోందనీ, ముందు రైతుకు సంగతి తెలియజెప్పి తర్వాత ఎన్నికలు పెట్టాలనీ బ్లాంకీ పట్టుబట్టాడు. సర్కారు కొద్దిరోజులు మాత్రమే జరిపింది. పైగా పన్నుల మీద ఫ్రాంకుకు 45 సెంటీములు అదనంగా మోపింది. మండిపోయిన రైతులు డిసెంబరులో లూయీ నెపోలియన్‌కు ఓట్లు గుద్దారు. అప్పటికే బ్లాంకీ మళ్లీ జైల్లో ఉన్నాడు.

1871లో పారిస్ కమ్యూన్‌కు ముందురోజే, మార్చి 17న, ఆయన్ని పట్టుకున్నారు. తమ దగ్గర బందీగా ఉన్న ఆర్చిబిషప్పును ఇస్తాం, బ్లాంకీని వదలమని కమ్యూన్ అడిగినా తియేర్ ఒప్పుకోలేదు. పల్లెలు అప్పుడూ దూరంగానే ఉండిపోయాయి. 72 రోజులకు కమ్యూన్‌ను నెత్తుట ముంచారు.

30 ఏళ్లకు పైగా జైళ్లలో గడిపిన బ్లాంకీ 1881లో కన్నుమూశాడు. ఆ త్యాగానికి మేం తలవంచుతాం. కాని గుప్పెడుమంది తెగువతో గద్దె కూలినా, రైతూ కూలీ కదలకపోతే దానిమీద ఇంకొకడు ఎక్కి కూచుంటాడు. ఆయన జీవితం మనకు నేర్పేది ఇదే.