వార్తలను పాడిన ఫిల్ ఓక్స్

కాలేజీ పత్రికకు సంపాదకుడిగా తనను వెయ్యలేదని, డిగ్రీ చేతికొచ్చే ఆఖరి టర్ములో చదువు మానేసి, గిటారు భుజాన వేసుకుని న్యూయార్కు వెళ్ళిపోయిన ఒక కుర్రవాడి కథ ఇది. పెద్దలెవరూ మెచ్చుకునే పని కాదు. మా నాన్నయితే అసలే మెచ్చుకోడు. అమెరికాలో 1960ల నాటి విద్యార్థి ఉద్యమాల గురించి చదివినవారికి బాబ్ డిలన్, జోన్ బాయెజ్ పేర్లు తెలిసే వుంటాయి. వాళ్ళతోపాటు అవే వేదికల మీద పాడిన ఫిల్ ఓక్స్ పేరు మాత్రం మన దాకా అంతగా రాలేదు. రావలసిన పేరని నా అభిప్రాయం.

ఓక్స్ 1940 డిసెంబరు 19న టెక్సాస్ రాష్ట్రంలోని ఎల్ పాసోలో పుట్టాడు. తండ్రి డాక్టరు. రెండవ ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పనిచేసి, మనసు చెదిరి ఇల్లు చేరాడు. ఒకచోట ఉద్యోగం నిలవక కుటుంబం ఊళ్ళు మారుతూ వచ్చింది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, తర్వాత అవసరమవుతుంది. కుర్రవాడికి రెండే పిచ్చులు, ఒకటి క్లారినెట్టు, రెండు సినిమాలు. వర్జీనియాలో ఒక మిలిటరీ స్కూల్లో చదివి, ఒహైయో స్టేట్ యూనివర్సిటీలో చేరి జర్నలిజం తీసుకున్నాడు. యుద్ధానికి పోనని పాడి పేరు తెచ్చుకోబోయేవాడు మిలిటరీ స్కూల్లో కవాతు నేర్చుకోవడం విచిత్రమే!

అవి అమెరికా కాలేజీలన్నిటా జానపద గీతాల మోజు నడుస్తున్న రోజులు. 1958లో కింగ్‌స్టన్ ట్రయో అనే ముగ్గురు యువకుల బృందం ఒక పాత హత్య కథ పాటను పాడితే అది దేశమంతా మారుమోగింది. దాంతో ప్రతి హాస్టల్లోనూ ఇద్దరో ముగ్గురో కలిసి గిటారు, బాంజో పట్టుకుని బృందంగా ఏర్పడడం మొదలైంది. ఓక్స్‌కు జిమ్ గ్లోవర్ అనే స్నేహితుడు దొరికాడు. గిటారు వాయించడమూ, వామపక్ష రాజకీయాలూ రెండూ ఓక్స్‌కు అంటించింది అతనే. 1960 ఎన్నికల్లో కెనడీ గెలుస్తాడని ఓక్స్ పందెం కాశాడు, గెలిచాడు, గ్లోవర్ గిటారు ఇతని సొంతమైంది. ఇద్దరూ కలిసి ఒక జంట కట్టారు. మొదట పెట్టుకున్న పేరు సింగింగ్ సోషలిస్ట్స్, తరవాత సన్‌డౌనర్స్ అని మార్చుకున్నారు. డబ్బు తీసుకుని పాడే మొదటి కచేరీ రాకముందే జంట విడిపోయింది. మన హాస్టల్ ఆర్కెస్ట్రాల ఆయుష్షు తెలిసినవారికి ఇందులో ఆశ్చర్యం ఉండదు.

యూనివర్సిటీ పత్రికలో ఓక్స్ రాతలు ఘాటుగా ఉండేవి. అంత ఘాటు అధికారులకు గిట్టలేదు. సంపాదక పదవి ఇంకొకరికి పోయింది. 1962లో ఓక్స్ న్యూయార్కులోని గ్రీనిచ్ విలేజ్ పేటకు చేరాడు. గ్లోవర్ అప్పటికే అక్కడ జీన్ రే అనే అమ్మాయితో కలిసి జిమ్ అండ్ జీన్ అనే జంటగా పాడుతున్నాడు.

ఆ పేటలోని కాఫీ హౌసుల గురించి కొంచెం చెప్పాలి. మెక్‌డూగల్ వీధి, బ్లీకర్ వీధుల చుట్టుపక్కల అలాంటివి చాలా ఉండేవి. అక్కడ మద్యం అమ్మరు కాబట్టి చిన్న వయసు విద్యార్థులు కూడా వెళ్ళి కూర్చోవచ్చు. ఒక కప్పు కాఫీ కొనుక్కుంటే గంటల తరబడి పాటలు వినవచ్చు. గాస్‌లైట్ అనేది నేలమాళిగలో ఉండేది. చప్పట్లు కొడితే పైన కాపురముండేవాళ్ళు గొడవ చేస్తున్నారని శ్రోతలు వేళ్ళతో చిటికెలు వేసి మెచ్చుకునేవారట. చాలాచోట్ల పాడేవాళ్ళకు జీతం లేదు. పాట అయ్యాక బుట్ట తిప్పేవారు, మన హరికథలో పళ్ళెం తిప్పినట్టు. ఒక బృందం నాలుగు పాటలు పాడి దిగితే ఇంకో బృందం ఎక్కేది. బిట్టర్ ఎండ్ అనే కాఫీ హౌసులో 1961లో పీటర్, పాల్ అండ్ మేరీ అనే ముగ్గురి బృందం పాడడం మొదలుపెట్టి రెండేళ్ళలో లోకప్రసిద్ధమైంది. పాడేవాడికీ వినేవాడికీ మధ్య చెయ్యి చాస్తే అందేంత దూరం. పాట బాగుందో లేదో బుట్టే చెప్పేది.

ఇలాంటి గదుల్లో అందరూ పాత పాటలు పాడుతుంటే ఓక్స్ దినపత్రిక పాడాడు. ఇది మాటవరసకు అంటున్నది కాదు. పత్రికల్లో చదివిన వార్తను తీసుకుని పాట కట్టేవాడు. 1963 ఏప్రిల్‌లో థ్రెషర్ అనే అణు జలాంతర్గామి 129 మందితో సముద్రంలో మునిగిపోయింది. దాని మీద పాట వచ్చింది. విలియం వర్తీ అనే నల్లజాతి విలేకరి పాస్‌పోర్టు లేకుండా క్యూబా వెళ్ళి, తన సొంత దేశంలోకి తిరిగి వచ్చినందుకు శిక్షపడింది. దాని మీద పాట వచ్చింది. కెంటకీలో సమ్మె కట్టిన బొగ్గు గని కూలీల మీద, మిసిసిపీలో నల్లవారి ఓటు హక్కు పోరాటం మీద పాటలు కట్టాడు, ఆ చోట్లకు స్వయంగా వెళ్ళి పాడాడు కూడా. 1964లో వచ్చిన మొదటి రికార్డుకు న్యూయార్క్ టైమ్స్ పత్రిక నినాదాన్ని ఎగతాళి చేస్తూ పేరు పెట్టాడు. అందులో వియత్నాం మీద ఒక పాట ఉంది. అప్పటికి చాలామంది అమెరికన్లకు ఆ దేశం పటంలో ఎక్కడుందో తెలియదు.

డిలన్ ఇతన్ని నువ్వు పాటగాడివి కాదు, విలేకరివి అని దెప్పిపొడిచాడని చెబుతారు. అది తిట్టు ఎలా అవుతుందో నాకు అర్థం కాదు. అయితే దెప్పులో కొంత నిజం లేకపోలేదు. వార్తను పాడడం అంటే ఆకుకూర పండించడం లాంటిది. పొద్దున్నే సంతలో పడితేనే ధర, సాయంత్రానికి పశువులకు వెయ్యాల్సిందే. ధాన్యమైతే గాదెలో పోసి మంచి ధర వచ్చేదాకా ఆగవచ్చు. ఓక్స్‌కు ఇది తెలియక కాదు. గాదెలో నిలవుండే పాటలు కట్టడం కూడా అతనికి వచ్చు. జైలులో ఉన్నవాణ్ణీ, దిక్కులేనివాణ్ణీ చూసి జాలిపడే ఒక పాటను జోన్ బాయెజ్ పాడితే 1965లో ఇంగ్లండులో మొదటి పది పాటల్లో నిలిచింది. అయినా తెల్లవారి పత్రిక రాగానే మళ్ళీ ఆకుకూర వెయ్యడానికే కూర్చునేవాడు.

1966 జనవరిలో కార్నెగీ హాల్లో సొంత కచేరీ చేశాడు. 1967లో లాస్ ఏంజిల్స్‌కు మకాం మార్చి వయొలిన్లూ పియానోలూ పెట్టి రికార్డులు చేశాడు, అవి పెద్దగా అమ్ముడుపోలేదు. 1968 ఆగస్టులో చికాగోలో డెమొక్రటిక్ పార్టీ మహాసభ వీధుల్లో పోలీసులు విద్యార్థులను చావబాదడం కళ్ళారా చూశాడు. మర్నాటి పత్రికలో చదివే వార్త కాదది, తన మీదే పడిన వార్త. 1969 నాటి రికార్డు అట్ట మీద తన సమాధి రాయి బొమ్మ వేయించి, చికాగోలో 1968లో చనిపోయినట్టు చెక్కించాడు. 1970లో బంగారు జలతారు సూటు వేసుకుని కార్నెగీ హాల్లో రాక్ పాటలు పాడితే జనం గోల చేశారు.

1971లో చిలీ వెళ్ళి విక్టర్ హారా అనే గాయకుడితో స్నేహం చేశాడు. 1973 సెప్టెంబరులో సైన్యం అధికారం లాక్కుని హారాను చంపేసింది. అదే ఏడాది టాంజానియాలోని దారెస్సలాంలో దొంగలు ఓక్స్ మీద పడి గొంతు నులిమారు. స్వరతంత్రులు దెబ్బతిన్నాయి. శరీరశాస్త్రం చదివినవారికి తెలుసు, ఆ మడతల పొడవు అంగుళం లోపే ఉంటుంది. పై స్వరాలు మూడు మళ్ళీ పలకలేదు. ఆ గొంతుతోనే 1974 మేలో న్యూయార్కులో చిలీ ప్రజల కోసం సభ ఏర్పాటు చేశాడు. డిలన్ కూడా వచ్చి పాడాడు. 1975 మేలో వియత్నాం యుద్ధం ముగిసినందుకు సెంట్రల్ పార్కులో జరిగిన ఉత్సవానికి లక్ష మంది దాకా వచ్చారు.

తండ్రికి వచ్చిన జబ్బే కొడుక్కీ వచ్చింది. ఉన్నట్టుండి పట్టరాని ఉత్సాహం, వెంటనే పాతాళంలో పడ్డట్టు దిగులు. తాగుడు దానికి తోడైంది. ఆఖరి ఏడాది తన పేరు కూడా తనది కాదన్నాడు. 1976 ఏప్రిల్ 9న అక్కగారింట్లో తన ప్రాణం తానే తీసుకున్నాడు. అప్పటికి 35 ఏళ్ళు. ఆ తరవాత బయటపడిన సంగతి ఒకటి ఉంది. ఇతని మీద ఎఫ్.బి.ఐ. వాళ్ళు కట్టిన ఫైలు నాలుగు వందల పేజీలకు పైమాటే. పాటలు అంత శ్రద్ధగా విన్న శ్రోతలు ఇంకెవరున్నారు!

ఆకుకూర పాటలకు వాడిపోకుండా ఒక ఉపాయం ఓక్స్ ఉన్నప్పుడే కనిపెట్టాడు. మిసిసిపీ మీద కట్టిన పాటలో రాష్ట్రం పేరు తీసేసి 1974లో నిక్సన్ పేరు పెట్టి పాడాడు. మెత్తని మాటలతో సరిపెట్టే ఉదారవాదులను వెక్కిరిస్తూ 1966లో విడుదల చేసిన ఇంకో పాటను 1994లో జెల్లో బియాఫ్రా, మోజో నిక్సన్ అనే ఇద్దరు పాత పేర్లన్నీ కొట్టేసి కొత్త పేర్లు వేసి పాడారు. అక్కగారు 1980లలో మొదలుపెట్టిన ఓక్స్ పాటల రాత్రుల్లో, చిన్న చిన్న హాళ్ళలో, కొత్త గాయకులు వచ్చి ఆ పాటలే ఎత్తుకున్నారు.